బ్లూబెర్రీని ‘నేరేడు’ అనవచ్చా? ‘కోళి’ మీద ఒక చర్చ

పర్లాకిమిడి నుంచి:

మొన్నటి వానలకు మా అబ్బాయి ‘అడవి బ్లూబెర్రీ’ అని చీటీ కట్టిన మొక్క ఒకటి కొని తెచ్చాడు. ఆకు తుంచితే తెల్లటి పాలు బొట్టు కట్టాయి. కొమ్మకు జంట ముళ్లు. మా కొండవాలున మేకలు కాసే పిల్లలు జేబులు నింపుకొనే కలివి అది! డబ్బు పోయినందుకు కాదు, సొంత పేరు పోగొట్టుకుని మా గుమ్మంలోకి వచ్చినందుకు బాధ కలిగింది. ఆ పొదల్లో తిరిగే పిట్టకు కలివికోడి అని పేరు పెట్టుకున్న భాష మనది.

అసలు బ్లూబెర్రీకి ముల్లు లేదు, పాలు కారవు. అమెరికాలోని మెయిన్ రాష్ట్రంలో, తూర్పు కెనడాలో పెరిగే అడవి రకం మోకాలెత్తు పొద. నేలలోపలి కాండంతో పాకుతూ పోతుంది. పట్నంలో ఒక డబ్బా కొని చూశాను. పండు మీద బూడిద చల్లినట్టు పూత, వేలితో రాస్తే పోతుంది. కొసన ఐదు రేకల చుక్కలాంటి కిరీటం. కోస్తే ఇసుక రేణువుల్లాంటి గింజలు. నేరేడులో ఉండేది ఒకటే గింజ, పైగా అది మహావృక్షం. మనుమరాలి బొమ్మల పుస్తకంలో మాత్రం బ్లూబెర్రీ బొమ్మ కింద ‘నేరేడు’ అని అచ్చు వేశారు. దీనికి ఏ పేరు తగును?

బరంపురం నుంచి:

మాస్టారూ, పేర్లు గిరిగీసుకుని కూర్చోవు. అమరకోశంలో ‘కర్కంధూర్బదరీ కోలిః’ అని ఉంది. కోలి అంటే రేగే. ఒడియాలో అదే కోళి అయి, జాముకోళి, తూతకోళి అంటూ ఎన్నో చిన్న పండ్లకు అతుక్కుంది. చివరికి రేగును మళ్లీ బరకోళి అనవలసి వచ్చింది. బర అంటే బదరమే! రేగు అంత దూరం సాగినప్పుడు మన నేరేడు ఎందుకు సాగకూడదు? ‘నీలినేరేడు’ అందాం.

పర్లాకిమిడి నుంచి:

బరకోళిలో రేగు రెండుసార్లు ఉందన్న మాట ఎంత బాగా పట్టుకున్నారమ్మా! నేను ఇన్నేళ్లుగా సంతలో వింటున్నా గమనించలేదు. కాని కోళి సాగింది జనం నోట నలిగి. మన నోట నేరేడు ఇంకా ఒక్క చెట్టే. పైగా నీలినేరేడు అంటే పిల్లలకు ఏం తెలుస్తుంది, నేరేడే నీలంగా ఉంటుంది కదా. రేగు, పరికి, కలివి, నేరేడు అని మనకు దేని పేరు దానికుంది, అన్నిటినీ కలిపి పిలిచే మాట లేదు. అది పొరుగింట్లో ఉంది. ‘నీలకోళి’ అని తెచ్చుకుందాం. 1936లో ఈ ఊరు ఒరిస్సాలో కలిసింది. అప్పటికీ ఇప్పటికీ మన వాకిట రెండు భాషలూ ఉన్నాయి, అరువుకు సిగ్గెందుకు?

రాయగడ నుంచి:

పేరు సరే మాస్టారూ, మన దగ్గర పెరుగుతుందా?

పర్లాకిమిడి నుంచి:

కష్టం. దానికి పుల్లని నేల కావాలి, పీహెచ్ 4.5 నుంచి 5.5 లోపు. సున్నం తగిలితే ఆకు పసుపెక్కి చిక్కిపోతుంది. ఈ సంగతి అమెరికా వృక్షశాస్త్రవేత్త ఫ్రెడరిక్ కోవిల్ 1910లో ప్రకటించాకే తోటల సాగుకు దారి దొరికింది. ఎలిజబెత్ వైట్ అనే ఆవిడ అడవి పొదల్లో మేలైనవి వెతికించి ఆయనకు అందించింది. 1916లో వారి పంట అంగడికి వచ్చింది. ఆ మొక్కకు చలికాలపు నిద్ర కూడా కావాలి, మన ఎండ అది ఇవ్వదు. నీలగిరి కొండల్లో మాత్రం దాని జాతి మొక్క ఒకటి అడవిలోనే ఉంది.

నా కలివిని కంచె పక్కన నాటాను. కాయలు దిగితే పచ్చడి పెట్టిస్తాను. గిడుగు రామమూర్తి గారు మా ఊరిలోనే పాఠాలు చెబుతూ సవర మాటలు సేకరించారు. మీ వైపు కువి అనే కొండభాష మాట్లాడేవారు కలివిని ఏమని పిలుస్తారో అడిగి, వారు పలికినట్టే రాసి పంపుతారా?