ముప్పై, నలభై ఏళ్లు నడవాల్సిన యుద్ధ వాహనం: డిజైన్‌లో మొదట ఏం చూసుకోవాలి?

కోనసీమ_కుర్రాడు (అమలాపురం):
మెకానికల్ ఫైనలియర్ అండి. ప్రాజెక్టుకి సాయుధ వాహనాల డిజైన్ తీసుకున్నాను. మెదక్ ఫ్యాక్టరీలో 1987 నుంచి తయారవుతూ వచ్చిన సారథ్, అంటే సైనికుల్ని మోసుకెళ్లే బీఎంపీ-2 సాయుధ వాహనం, ఇంకా సైన్యంలో తిరుగుతోంది. అమెరికా ఎం113 అయితే 1960 నాటిది, ఇప్పటికీ చాలా దేశాల్లో ఉంది. అన్నేళ్లు పనికి రావాలంటే కవచం మందంగా పెడితే చాలా? అందరూ మాడ్యులర్, అంటే విడి భాగాలుగా మార్చుకునేలా ఉండాలి అంటున్నారు, ఆ ఒక్క మాటతో నాకు తృప్తిగా లేదు.

ఈఎంఈ_మాజీ (తణుకు):
కవచం కాదు బాబూ, మిగులు, అంటే ముందు ముందు పెరగడానికి వదిలిన చోటు, బలం. ఈరోజు అవసరానికి అంగుళం తేడా లేకుండా కొలిచి కడితే పదేళ్లకే ఇరుకైపోతుంది, ఎందుకంటే యుద్ధ వాహనం బరువు పెరగడమే గానీ తగ్గడం నేను చూడలేదు. కొత్త ఆయుధం ఎదురైతే అదనపు ప్లేట్లు, ఆపైన గురి చూసే కొత్త సైట్లు, రేడియోలు, అన్నీ సస్పెన్షన్, గేర్‌బాక్స్ మీదే పడతాయి. అమెరికా సాయుధ వాహనం బ్రాడ్లీ 1981లో వచ్చినప్పుడు చుట్టూ తెర కట్టుకుని ఏరు దాటేది. కవచం పెంచుకుంటూ పోయాక ఈత వదిలేసింది. గోదావరి పాయల మధ్య పెరిగినవాడివి, అదెంత నష్టమో నీకు చెప్పక్కర్లేదు.
సెంచూరియన్ ట్యాంకు చూడు. 1945లో 76 మి.మీ. గన్‌తో వచ్చింది, తర్వాత 84, ఆపైన 105 పెట్టారు. టరెట్‌లో, అంటే గన్ ఉండే తిరిగే పైభాగంలో, చోటు ఉండబట్టే కదా. 1965లో పాకిస్తాన్‌తో యుద్ధంలో పంజాబ్‌లోని అసల్ ఉత్తర్ దగ్గర మనవాళ్లు వాడింది అదే. ఇజ్రాయెల్ వాళ్లు దాని పెట్రోల్ ఇంజిను తీసేసి డీజిల్ ఇంజిను పెట్టుకున్నారు.

దమ్ము_ట్రాక్టర్ (రావులపాలెం):
నాది ట్రాక్టర్ వర్క్‌షాప్. దమ్ముకి ఇనుప చక్రాలు, కోతలయ్యాక ట్రక్కు, మధ్యలో రోటావేటర్, అన్నిటికీ ఒకటే బండి. వెనక హిచ్, పనిముట్టుకి ఇంజిను శక్తినిచ్చే పీటీఓ షాఫ్ట్ కొలతలు ప్రమాణం ప్రకారం ఉంటాయి కాబట్టే ఇరవై ఏళ్ల ట్రాక్టర్‌కీ ఈ ఏడాది కొన్న పనిముట్టు తగులుతుంది. జర్మనీ, నెదర్లాండ్స్ వాళ్ల బాక్సర్ సాయుధ వాహనం కూడా ఇంతే తమ్ముడూ: కింద నడిచే భాగం ఒకటే, పైన అంబులెన్స్ కావాలంటే అది, కమాండ్ పోస్ట్ కావాలంటే అది. ఇంకోటి, ఇంజిను, గేర్‌బాక్స్ కలిపి ఒకే ముద్దగా పైకి లేవాలి. ఒక సీలు మార్చడానికి సగం బండి విప్పాల్సి వస్తే ఎంత మంచి డిజైనైనా షెడ్డులోనే ఉండిపోతుంది.

ఈఎంఈ_మాజీ:
ట్రాక్టర్ పోలిక బాగుంది. కానీ మాడ్యూల్ మార్చాలంటే క్రేన్ కావాలి, విడి మాడ్యూళ్లు దాచే చోటు కావాలి, రెండు భాగాలు కలిసేచోట బరువూ పెరుగుతుంది. నన్నడిగితే ముందు కరెంటు, వైరింగ్ చూసుకోవాలి. కరెంటు పుట్టించే ఆల్టర్నేటర్ చాలకపోతే కొత్త కెమెరా పెట్టినా ప్రయోజనం లేదు. బ్రిటన్ వాళ్లు 2010లో వాహనం లోపలి ఎలక్ట్రానిక్స్‌కి ఉమ్మడి ప్రమాణం తెచ్చింది ఇందుకే. అది తప్పక చదువు.

కోనసీమ_కుర్రాడు:
చాలా థ్యాంక్స్ అండి ఇద్దరికీ. ఇప్పుడే లెక్క వేశాను. సారథ్ 300 హార్స్‌పవర్, 14.3 టన్నులు, అంటే టన్నుకి 21. బరువు 18 టన్నులకి పెంచితే 17కి పడిపోతోంది! ఇంజిను ఎంత పెద్దది పెట్టాలో రేపు చూస్తాను. తేలే లెక్క ఇంకా మొదలుపెట్టలేదు.