ఒడిశా గజపతి జిల్లా కొండల్లో చిన్న ట్రైలర్‌తో రాత్రి బస: ఎలుగులు, ఏనుగుల సంగతేంటి?

పర్లాకిమిడి_పయనం:
ఏప్రిల్‌లో మహేంద్రగిరి వైపు రెండు రాత్రులు ఉండాలని అనుకుంటున్నాం. కారు వెనక తగిలించి లాగే, ఒకే ఇరుసు ఉన్న చిన్న ట్రైలర్, లోపల పడుకోడానికి ఇద్దరికే చోటు, వంటగది వెనక డిక్కీలో. పక్కన పందిరి వేసి బాబుని కింద పడుకోబెట్టొచ్చా? ఎలుగు వస్తే ట్రైలర్ గోడ ఆపుతుందా? రాత్రంతా నెగడు వేస్తే చాలని ఒకరన్నారు.

కొండదారి:
గోడని నమ్ముకోకండి. పల్చటి రేకు, మధ్యలో థర్మాకోల్, అంతే. గట్టి చెదపుట్టల్నే తవ్వే గోళ్లు ఎలుగువి. అది రాకుండా చూసుకోవడమే మన పని, రప్పించేది వాసన. ఏప్రిల్ అంటే ఇప్పపూల కాలం, జీడిపళ్లు కూడా ఉంటాయి. ఇప్పచెట్టు కింద, జీడితోటలో, గెడ్డ (వాగు) పక్కన బండి ఆపకండి. చీకటి పడకముందే వంట ముగించండి. గిన్నెలు కడిగిన నీళ్లు బండి కింద పారబోయకుండా మూత బకెట్‌లో పట్టి దూరంగా గోతిలో పోసి మట్టి కప్పండి. బెల్లం, పళ్లు, చెత్త బిగుతు మూత డబ్బాల్లో పెట్టి కారులో పెట్టండి, వెనక డిక్కీలో వద్దు.

ఎలుగుకి చూపు అంతంతమాత్రం. మనిషి హఠాత్తుగా దగ్గర్లో కనబడితే బెదిరి మీదపడుతుంది, ఎక్కువ దెబ్బలు అలాగే తగులుతాయి. రాత్రి తలుపు తీసేముందు లోపల్నుంచి తట్టి, గట్టిగా మాట్లాడి, కిటికీలోంచి టార్చి వేసి చుట్టూ చూడండి. ఒంటేలుకి లోపలే మూత డబ్బా ఉంచుకుంటే ఆ అవసరమే ఉండదు. నెగడు వద్దండీ. వేసవిలో ఎండుటాకుల మీద ఒక్క నిప్పురవ్వ పడితే కొండంతా అంటుకుంటుంది.

లఖారి_లోయ:
ఏనుగుల సంగతి కూడా చూసుకోండి. 2007లో ఇటు లఖారి లోయ వైపు నుంచే శ్రీకాకుళం జిల్లాలోకి దిగాయి. గుంపు ఎటు ఉందో ముందే ఫారెస్టు వాళ్లని, ఊళ్లో వాళ్లని అడగండి. అడవి భూమిలో దిగాలంటే ఎలాగూ అనుమతి కావాలి. తడి ఆరని పేడ, కొత్తగా విరిచిన వెదురు కనబడితే అక్కడ ఆగొద్దు. బియ్యం, ఉప్పు, ఇప్పసారా వాసనకి ఇళ్ల గోడలే పడగొడతాయి.

ట్రైలర్‌ని కారు నుంచి విప్పకండి, ముందు భాగం రోడ్డు వైపు ఉంచండి. ట్రైలర్ ఊగకుండా నేలకి ఆనించే జాకీల్లో వెనకవి రెండే దించండి. కంగారులో జాకీ ఎత్తకుండా కారు లాగితే అది వంగిపోయి బండి అక్కడే ఇరుక్కుంటుంది. కాబట్టి ‘జాకీలు’ అని రాసిన చీటీ స్టీరింగ్‌కి కట్టండి. చక్రాల అడ్డుదిమ్మలకి తాడు కట్టుంటే ఒక్క గుంజుడుకి వస్తాయి. ఏనుగు అప్పటికే బాగా దగ్గరకొచ్చేస్తే మాత్రం లైట్లు ఆపి, కదలకుండా లోపలే ఉండండి. హారన్, టపాసులు, ఫ్లాష్ అసలొద్దు.

కట్లపాము_జాగ్రత్త:
బాబుని పందిరి కింద నేలమీద వద్దేవద్దు. కట్లపాము రాత్రి తిరిగేది, నేలమీద పడుకున్నవాళ్లనే ఎక్కువగా కరుస్తుంది. నొప్పి, వాపు పెద్దగా ఉండవు, గాటు కూడా కనబడకపోవచ్చు. తెల్లారేసరికి కడుపునొప్పి, రెప్పలు వాలడం మొదలైతే కట్టు కట్టకండి, కోయకండి. కరిచిన కాలో చెయ్యో కదలకుండా ఉంచి 108కి ఫోన్ చేసి, విషం విరుగుడు మందు ఉన్న ఆసుపత్రికి తీసుకెళ్లండి.

పర్లాకిమిడి_పయనం:
సరే, బాబు లోపలే. మరి పాము ట్రైలర్‌లోకి దూరకుండా కన్నాలన్నీ మూసేయమంటారా?

కట్లపాము_జాగ్రత్త:
అన్నీ కాదు. కరెంటు వైరు, నీళ్ల పైపు వచ్చే సందుల్లో స్టీలు పీచు కూరి పైన సిలికాన్ పూయండి. ఎలుకలు అక్కణ్ణుంచే దూరతాయి, పాము వాటి వెనకే వస్తుంది. గ్యాసు సిలిండరు పెట్టే అరకి కింది భాగంలో ఉన్న కన్నాన్ని మాత్రం ఎప్పుడూ మూయకండి. వంటగ్యాసు గాలికన్నా బరువు, కారితే కిందకే పోవాలి. దానికి సన్న స్టీలు జాలి బిగించి, దుమ్ము పట్టకుండా బయల్దేరేముందు బ్రష్‌తో దులపండి.