ఊరి వాట్సాప్ గ్రూపులో వదంతి వచ్చినప్పుడు అడ్మిన్ ఏం చేయాలి?

ప్రశ్న: ఊరి గ్రూపు అడ్మిన్, జగిత్యాల జిల్లా

అందరికీ నమస్కారం. మా ఊరి పేరిట ఒక వాట్సాప్ గ్రూపు ఉంది. 2019లో నేను, మరో ఇద్దరు మిత్రులు కలిసి మొదలుపెట్టిన ఆ గ్రూపులో ఇప్పుడు నాలుగు వందలకు పైగా సభ్యులున్నారు. ఊళ్లో ఉన్నవారితో పాటు హైదరాబాద్, భివండీ, దుబాయ్, మస్కట్‌లలో పనిచేస్తున్నవారు కూడా అందులో ఉన్నారు. కరెంటు ఎప్పుడు తీస్తారో, వడ్ల కొనుగోలు కేంద్రంలో కాంటా ఎవరి వంతుకు వచ్చిందో, ఎవరికి రక్తం అవసరమో, ఎవరు కాలం చేశారో మా ఊరికి ముందుగా తెలిసేది అక్కడే.

గత డిసెంబరులో ఒక సాయంత్రం, పిల్లలను ఎత్తుకుపోయే ముఠా మన మండలంలో తిరుగుతోందంటూ అందులో ఒక వాయిస్ మెసేజ్ వచ్చింది. పంపినవాడు బయటివాడు కాదు, ఊరందరికీ గొంతు తెలిసిన మనిషి. "మా బామ్మర్ది కండ్లార చూసిండట" అన్న మాట అందులో ఉంది. అరగంట గడవకముందే, బస్‌స్టేజీ దగ్గర సైకిల్ మీద రగ్గులు అమ్ముకుంటున్న దంపతులను ఇరవై మంది చుట్టుముట్టి, ఆధార్ కార్డు చూపించమని నిలదీశారు. ఆయన చొక్కా అప్పటికే చిరిగిపోయింది. పక్కనే కిరాణా కొట్టు నడిపే పెద్దమ్మ బయటికి వచ్చి, "వీళ్లు ఏటా చలికాలం వస్తరు, పోయినేడు తీసుకున్న రెండు రగ్గుల పైసలు నేనే ఇంకా ఇయ్యలే" అని గట్టిగా అరవకపోతే ఆ రోజు ఏం జరిగి ఉండేదో తలచుకుంటే నాకు ఇప్పటికీ నిద్ర పట్టడం లేదు.

ఇకపై అడ్మిన్లు మాత్రమే మెసేజ్ పెట్టేలా గ్రూపును మార్చమని పెద్దలు అంటున్నారు. అలా చేస్తే గ్రూపు ఎవరికీ పనికిరాదని యువకులు అంటున్నారు. ఇటువంటి స్థితిని ఎదుర్కొన్నవారు ఎవరైనా ఉంటే, మీరు ఏం చేశారో దయచేసి చెప్పండి.

జవాబు 1: విశ్రాంత ఉపాధ్యాయుడు, పాలమూరు

బాబూ, మీరు రాసినది చదువుతుంటే 2018 వేసవి కళ్ల ముందు కదిలింది. ఆ మే నెలలో ఇదే వదంతి తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ రెండింటినీ చుట్టుముట్టింది. హైదరాబాద్ చాంద్రాయణగుట్టలో ఒక ట్రాన్స్‌జెండర్ మహిళను ఇదే అనుమానంతో మూక కొట్టి చంపింది. జూలై 1న మహారాష్ట్రలోని ధూలే జిల్లా రాయిన్‌పాడా గ్రామంలో సంచార జాతికి చెందిన ఐదుగురిని పంచాయతీ కార్యాలయంలోకి లాక్కెళ్లి చంపారు. ఇలాంటి దాడులకు గురైనవారిలో ఎందరో ఊరూరా తిరిగి బతికేవారే. గంగిరెద్దులవారు, బుడబుక్కలవారు, రగ్గులవారు, పాత సామాన్లు కొనేవారు తరతరాలుగా మన గుమ్మం ముందుకు వచ్చిన మనుషులు. వారిని ముఖం చూసి గుర్తుపట్టే పెద్దతరం వెళ్లిపోతుంటే, ఆ ఖాళీలోకి ఫోన్ వచ్చి కూర్చుంది. మీ ఊరిని కాపాడినది ఆ పెద్దమ్మ జ్ఞాపకమే.

ఆ ఏడాది జోగులాంబ గద్వాల జిల్లాలో ఎస్పీగా ఉన్న రెమా రాజేశ్వరి గారు, పోలీసులను ఒక్కొక్కరికి కొన్ని గ్రామాల చొప్పున అప్పగించి, దండోరా వేయించి, జానపద కళాకారులతో పాటలు పాడించి, వదంతులను నమ్మవద్దని ఇంటింటికీ చెప్పించారు. ఫోన్‌లో వచ్చిన అబద్ధానికి ఫోన్‌లోనే సమాధానం పంపి ఊరుకోకుండా, ఒక మనిషిని ఊరి నడుమ నిలబెట్టడంలో గొప్ప వివేకం ఉందని నేను అనుకుంటాను. దండోరా వేసేవాడు ఎదురుగా నిలబడతాడు. "ఎవరు చెప్పమన్నారు?" అని అడిగితే సర్పంచో, తహసీల్దారో అని పేరు చెబుతాడు. (ఆ పనిని కులం పేరిట కొందరి నెత్తిన రుద్దిన అన్యాయాన్ని నేను సమర్థించడం లేదు. మాటకు ఒక చిరునామా ఉండేదని మాత్రమే అంటున్నాను.) ఫార్వర్డ్ అయిన మెసేజ్‌కు ఆ చిరునామా ఉండదు. పంపినవారి మీద ఉన్న నమ్మకం అంతా దానికి అంటుకుంటుంది కానీ, బాధ్యత మాత్రం ఎవరికీ అంటుకోదు.

అందుచేత గ్రూపును మూయవద్దు. ఆ వాయిస్ మెసేజ్ పంపిన మనిషి చేతనే, అతని గొంతుతోనే, అది అబద్ధమని మళ్లీ చెప్పించండి. మీరు అడ్మిన్‌గా రాసే పది వాక్యాలకన్నా ఆ ఒక్క గొంతుకు విలువ ఎక్కువ.

జవాబు 2: దినపత్రిక డెస్క్‌లో పనిచేస్తున్నాను, విజయవాడ

మాస్టారు చెప్పినదానికి ఒక విషయం జోడిస్తాను. 2018లో తిరిగిన వీడియోలలో ఒకటి నాకు బాగా గుర్తు. మోటారు సైకిల్ మీద వచ్చిన ఇద్దరు, వీధిలో ఆడుకుంటున్న పిల్లల మధ్య నుంచి ఒక చిన్నవాణ్ని ఎత్తుకుపోతారు. అది పాకిస్తాన్‌లోని కరాచీలో, పిల్లల భద్రత గురించి అవగాహన కల్పించడానికి ఒక స్వచ్ఛంద సంస్థ తీయించిన చిత్రం. అసలు చిత్రంలో వారు వెంటనే వెనక్కి వచ్చి, పిల్లవాణ్ని దింపి, కరాచీలో పిల్లలు తప్పిపోతున్న సంగతిని తెలిపే అట్టను విప్పి చూపిస్తారు. ఆ చివరి కొన్ని క్షణాలను ఎవరో కత్తిరించారు. చిత్రంలో ఒక్క దృశ్యాన్ని కూడా మార్చలేదు, కొత్తగా ఏదీ చేర్చలేదు, ముగింపును తీసేశారు, అంతే. పిల్లలను కాపాడమని చెప్పడానికి తీసిన దృశ్యం, ఏ పాపమూ ఎరుగని మనుషుల ప్రాణాల మీదికి వచ్చింది.

ఆ జూలైలో వాట్సాప్ సంస్థ ఫార్వర్డ్ చేసిన మెసేజ్‌ల మీద ఆ సంగతి తెలిపే గుర్తు పెట్టింది. మన దేశంలో ఒకసారికి ఐదు చాట్లకు మించి ఫార్వర్డ్ చేయకుండా పరిమితి విధించింది. 2019 జనవరిలో దాన్ని ప్రపంచమంతటికీ వర్తింపజేసింది. 2020 ఏప్రిల్ నుంచి, అప్పటికే పలుమార్లు చేతులు మారిన మెసేజ్‌ను ఒకసారికి ఒక్క చాట్‌కే పంపగలం. ఇవి మేలు చేసినవే. అయితే వీడియోను ఫోన్‌లో దాచుకొని కొత్తగా అప్‌లోడ్ చేస్తే ఆ గుర్తు రాదు, మీ ఊరి మనిషిలా విన్నదాన్ని సొంత గొంతుతో మళ్లీ చెబితే అసలు ఏ పరిమితీ అడ్డురాదు. 2016 నుంచి సందేశాలన్నీ ఎన్‌క్రిప్షన్‌లో, అంటే పంపినవారు, అందుకున్నవారు తప్ప మరెవరూ చదవలేని గుప్తరూపంలో ఉన్నందున ఆ సంస్థకు కూడా లోపలి మాటను చదవడం సాధ్యం కాదు. కనుక దాన్ని ఆపగలిగినది అందుకున్నవారే.

మా డెస్క్‌లో ఇటువంటి వీడియో వస్తే ముందుగా దుకాణాల బోర్డుల మీది లిపిని, బండ్ల నంబరు ప్లేట్లను చూస్తాము. ఆ తరువాత ఒక దృశ్యాన్ని స్క్రీన్‌షాట్ తీసి, అది ఇంతకుముందు ఎక్కడ వచ్చిందో గూగుల్ లెన్స్‌లో వెతుకుతాము. హైదరాబాద్‌లోని ఫ్యాక్ట్‌లీ వంటి సంస్థలు తెలుగులోనే నిజనిర్ధారణ కథనాలు ఇస్తున్నాయి, వాటిని కూడా చూడండి.

జవాబు 3: మస్కట్ నుంచి

అన్నా, మీ గ్రూపు వంటి గ్రూపులో దూరాన ఉన్న సభ్యుణ్ని నేను. మా నాన్న పోయిన సంగతి నాకు తెలిసింది కూడా గ్రూపులోనే. అడ్మిన్లు మాత్రమే మాట్లాడే గ్రూపులో మా ఊరి గొంతు వినిపించదు, దయచేసి ఆ పని చేయకండి.

నా తప్పు ఒకటి చెప్పుకోవాలి. మూడేళ్ల క్రితం ఇటువంటి వీడియోనే నేను మా ఇంటికి పంపాను. ఇక్కడ గదిలో ఎనిమిది మందిమి ఉంటాము, అందరమూ ఇంటి మీద బెంగతో ఉన్నవాళ్లమే. ఒకరి ఫోన్‌లోకి వచ్చిన భయం పది నిమిషాల్లో ఎనిమిది ఇళ్లకు చేరింది. నా భార్య పాపను నాలుగు రోజులు బడికి పంపలేదు, రాత్రిళ్లు తలుపుకు మంచం అడ్డం పెట్టుకొని పడుకుంది. ఇంటి మీద ప్రేమతోనే ఆ భయాన్ని పంపాను. అప్పటి నుంచి, ఏ సంగతినైనా ఫార్వర్డ్ చేసేముందు ఊళ్లో ఉన్న మా తమ్ముడికి ఫోన్ చేసి, "ఇది నువ్వు చూసినవా, విన్నవా?" అని అడుగుతాను. "విన్న" అంటే పంపను.

జవాబు 4: న్యాయవాది, వరంగల్

అడ్మిన్‌గా మీ బాధ్యత గురించి క్లుప్తంగా చెబుతాను. సభ్యుడు పెట్టిన ప్రతి మెసేజ్‌కూ అడ్మిన్ నేరస్థుడు కాడని కేరళ హైకోర్టు 2022 ఫిబ్రవరిలో తీర్పునిచ్చింది. అలాగని తెలిసీ ఊరుకోవడం మంచిది కాదు. వదంతి కనబడగానే స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి, తరువాత "అందరికీ తొలగించు" అన్న వెసులుబాటుతో దాన్ని తీసివేయండి, మనుషులు గుమికూడుతున్నారని తెలిస్తే తీర్మానాల కోసం ఆగకుండా 100కు ఫోన్ చేయండి. మూకదాడులను అరికట్టడానికి ప్రతి జిల్లాలో ఎస్పీ స్థాయికి తగ్గని నోడల్ అధికారి (ఆ పనికి ప్రత్యేకంగా బాధ్యుడైన అధికారి) ఉండాలని సుప్రీంకోర్టు 2018 జూలై 17న ఆదేశించింది కాబట్టి, ఈ విషయమై జిల్లా పోలీసులను అడిగే హక్కు మీకుంది.

ప్రశ్న అడిగినవారి స్పందన

అందరికీ కృతజ్ఞతలు. మాస్టారూ, మీరు చెప్పినట్టే ఆ మెసేజ్ పంపిన అన్న దగ్గరికి నిన్న వెళ్లాను. మొదట కోపం చేశాడు. బామ్మర్దికి నా ముందే ఫోన్ చేస్తే, అతను కూడా చూడలేదనీ, మరో గ్రూపులో విన్నాడనీ తేలింది. అప్పుడు చాలాసేపు మౌనంగా ఉండి, "నేను చెప్పింది తప్పు, అది నేను చూసింది కాదు" అని వాయిస్ మెసేజ్ పెట్టాడు. తన మొదటి మెసేజ్ ఏయే గ్రూపులకు వెళ్లిందో కూర్చొని లెక్కపెడితే ఐదు తేలాయి. మూడింటిలో అతనే చెప్పాడు. మిగిలిన రెండింటిలో మా ఇద్దరికీ తెలిసినవారు ఎవరూ లేరు, ఆ అడ్మిన్ల నంబర్ల కోసం ఈ రోజు వెతుకుతున్నాము.

గ్రూపును అందరికీ తెరిచే ఉంచుతున్నాము. పెద్దమ్మ రెండు రగ్గుల పైసలను ఒక కవరులో పెట్టి, పైన వారి పేరు రాసి, గల్లాపెట్టెలో దాచింది.