చర్చ: బార్లకు నిబంధనలు ఇంకా సడలించాలా?

హైవే వంటిల్లు:
ఆంధ్రప్రదేశ్‌లో 2025 సెప్టెంబరు 1 నుంచి కొత్త బార్ విధానం అమల్లోకి వచ్చింది. 840 బార్లు, రాత్రి 12 గంటల వరకు అనుమతి. సంతోషమే. కానీ 50 వేల లోపు జనాభా ఉన్న ఊళ్లో కూడా లైసెన్సు రుసుము ఏడాదికి 35 లక్షలు. సరుకు ప్రభుత్వ డిపోలోనే కొనాలి. అది చాలదన్నట్టు మద్యం దుకాణాలకు పర్మిట్ గదులు మళ్లీ ఇచ్చారు. సీసా కొన్నచోటే కూర్చుని తాగనిస్తే నా దగ్గరికి ఎవరు వస్తారు? వంటవాళ్లు, సర్వర్లు కలిపి పద్నాలుగు కుటుంబాలు నా మీద ఆధారపడి ఉన్నాయి. రుసుము తగ్గించాలి, పర్మిట్ గదులు ఎత్తేయాలి.

నెల్లూరు టీచరమ్మ:
మా జిల్లా దూబగుంట ఆడవాళ్లు 1992లో సారా దుకాణం మూయించారు. మరుసటి ఏడాది రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది, 1995లో సంపూర్ణ మద్యనిషేధం. 1997లో దాన్ని ఎత్తేశారు. అప్పటి నుంచి ప్రతి సడలింపూ ఎవరికో ఒకరికి సాయం చేయడానికే వస్తోంది. ఈసారి మీ వంతు.

పాత చందాదారు:
తాగేవాడు ఎక్కడైనా తాగుతాడు.

హైవే వంటిల్లు:
టీచరు గారూ, నేను రుసుము గురించి అడిగితే మీరు సారా గురించి చెబుతున్నారు. సుప్రీంకోర్టు తీర్పు వల్ల 2017లో నా మొదటి హోటల్‌లో బార్ మూసేశాను. రహదారికి 500 మీటర్ల లోపు ఉండకూడదన్నారు. ఆ అప్పు ఇప్పటికీ తీరలేదు.

గుమాస్తా:
500 కాదండీ. జనాభా 20 వేలు, అంతకంటే తక్కువ ఉంటే 220 మీటర్లే. మీ ఊరి జనాభా ఎంత?

హైవే వంటిల్లు:
220 అయినా నాది లోపలే ఉండేది.

గుమాస్తా:
పురపాలక సంఘం పరిధి అయితే 2017 జులైలోనే మినహాయింపు వచ్చింది. మీది పంచాయతీయా?

హైవే వంటిల్లు:
పంచాయతీయే. అయ్యా, నా బతుకు పోయిందని చెబుతుంటే టేపు పట్టుకుని కొలుస్తారెందుకు?

నెల్లూరు టీచరమ్మ:
పర్మిట్ గదులు వద్దంటున్నారు. నేనూ వద్దనే అంటున్నాను. మరి నా మీద కోపమెందుకు?

హైవే వంటిల్లు:
ఎందుకంటే మీకు నా వ్యాపారమే అసహ్యం. ఆ మాట సూటిగా చెప్పండి. నేను దొంగసరుకు అమ్మడం లేదు, పన్ను ఎగ్గొట్టడం లేదు. పెళ్లి సంబంధానికి వెళితే నా కొడుకును "బార్ వాళ్ల అబ్బాయి" అంటారు. పిల్లనివ్వరు.

నెల్లూరు టీచరమ్మ:
అబ్బాయి విషయం బాధాకరం, అది అన్యాయం. కానీ అడిగారు కనుక చెబుతున్నాను. మా నాన్న గుమాస్తా ఉద్యోగి. తాగింది కాలువగట్టు మీద కాదు, మంచి బార్‌లోనే, మర్యాదగా బిల్లు కట్టి. నెల మొదటి వారంలోనే జీతం అయిపోయేది. ఆ బార్ మా సందు మొదట్లో పెట్టారు. రోజూ ట్యూషన్‌కి దాని ముందు నుంచే వెళ్లేదాన్ని, లోపల నాన్న ఉన్నారేమోనని తల దించుకుని. అక్కడ పెట్టవచ్చా అని మా వీధిలో ఒక్క ఇంటినీ ఎవరూ అడగలేదు. నా కోపం మీ మీద కాదు, ఆ అడగకపోవడం మీద.

హైవే వంటిల్లు:
నా పక్కన పర్మిట్ గది పెట్టినప్పుడు నన్ను మాత్రం ఎవరడిగారు? సరే, వీధివాళ్లను అడగాలంటారు. వాళ్లు వద్దంటే నేను కట్టిన 35 లక్షలు ఎవరిస్తారు?

నెల్లూరు టీచరమ్మ:
డబ్బు కట్టకముందే అడగమంటున్నాను. లైసెన్సుకు లాటరీ తీశాక కాదు.

హైవే వంటిల్లు:
అలా అయితే ఏ వీధీ ఒప్పుకోదమ్మా.

నెల్లూరు టీచరమ్మ:
ఒప్పుకోదని మీకూ తెలుసు కదా.