ఏప్రిల్‌ల పాత మారుతి 800లతోని శ్రీశైలం ఘాట్: బండ్లు కాగకుండ ముందుగాల ఏమేం చూడాలె?

పాలమూరు800
అందరికి నమస్తే. మహబూబ్‌నగర్, నాగర్‌కర్నూల్, నల్లగొండ దిక్కు మారుతి 800 ఉన్నోళ్లమందరం కలిసి ఏప్రిల్‌ల శ్రీశైలం పోదామనుకుంటున్నం. ఎక్కువ శాతం కార్బురేటర్ (పెట్రోలును గాలిల కలిపే భాగం) బండ్లే, 2000ల ఎంపీఎఫ్ఐ (కంప్యూటరుతోని పెట్రోలు చల్లే పద్ధతి) రాకముందువి. సాపు రోడ్డు మీద ఏ తిప్పలు లేదు. ఘాట్ ఎక్కంగనే కొన్ని బండ్ల వేడి చూపే గేజు ముల్లు ఎర్ర గీత దాకా పోతది. కొన్ని పది నిమిషాలు ఆపితే మళ్ల స్టార్ట్ కావు. థర్మోస్టాట్ (ఇంజిన్ వేడెక్కేదాక నీళ్లను రేడియేటర్‌కు పోనియ్యని వాల్వు) పీకేస్తే అయిపోతదని కొందరు మెకానిక్‌లు అంటున్నరు. రెండు వారాల ముందు అన్ని బండ్లను ఒక్క జాగల పెట్టి చూద్దామని ఉన్నది. ఏ వరుసల చూడాలె? ఖర్చు తక్కువ అయ్యేటివి ముందు చెప్పండి.

నల్లగొండ_రేడియేటర్
అన్నా, థర్మోస్టాట్ మాత్రం పీకనియ్యకండి. అది లేకుంటే పొద్దుగాల ఇంజిన్ వేడెక్కనే ఎక్కదు, పెట్రోలు ఎక్కువ తాగుతది, ఆయిల్ పాడైతది. ఘాట్‌ల కాగే జబ్బు మాత్రం అట్లనే ఉంటది. అనుమానముంటే తీసి గిన్నెల నీళ్లల్ల వేసి పొయ్యి మీద పెట్టి చూడండి. దాని మీద కొట్టిన అంకె దగ్గర, ఎక్కువ వాటికి 82 డిగ్రీలు, తెరుచుకోవాలె. తెరుచుకోకుంటే కొత్తది వేయండి.

మన దిక్కు అసలు దోషం బోరు నీళ్లది. నల్లగొండ నీళ్లంటే అందరు ఫ్లోరైడ్ అంటరు గానీ, రేడియేటర్‌ను చంపేది నీళ్లల్ల ఉన్న సున్నం. నీళ్లు కాగినప్పుడల్ల అది ట్యూబుల లోపల పొరలెక్క పట్టుకుంటది. సాపు రోడ్డు మీద గాలి బాగ తగులుతది కాబట్టి సగం మూసుకపోయిన రేడియేటర్ గూడ నడిపిస్తది. ఘాట్‌ల రెండో గేర్‌ల 20 స్పీడుకు వచ్చేసరికి దాని బండారం బయటపడ్తది.

మొదలు మూత చూడండి, అన్నిట్ల సస్తా అదే. మామూలుగ 800కు 0.9 రేటింగ్ (కిలో/చ.సెం.మీ. ఒత్తిడి) మూత ఉంటది. మూత ఒత్తిడి పట్టి ఉంచితే నీళ్లు దాదాపు 118 డిగ్రీల దాకా మరగవు. రబ్బరు ఎండిపోయి ఒత్తిడి పోతే వందకే మరుగుతయి. తనిఖీ అల్కగనే ఉంటది: రాత్రి బండి చల్లారినంక పొద్దున మూత తీయండి. రేడియేటర్‌ల నీళ్లు తగ్గి, పక్క బాటిల్‌ల నిండుగ ఉంటే మూతల ఉండే చిన్న వాల్వు పోయింది, లేకుంటే బాటిల్‌కు పోయే సన్న పైపు పగిలింది. వేడికి బయటికి పోయిన నీళ్లు తిరిగి వస్తలేవన్నట్టు.

తర్వాత ఫ్యాన్. థర్మో స్విచ్ (నీళ్లు వేడెక్కంగనే ఫ్యాన్‌ను ఆన్ చేసేది) ప్లగ్ ఊడదీసి, రెండు వైర్లుంటే ఒకదానికొకటి, ఒక్కటే ఉంటే ఇంజిన్ బాడీకి జంపర్ తగిలియ్యండి. కీ ఆన్ చేస్తే ఫ్యాన్ తిరగాలె. తిరిగితే స్విచ్ అనుమానం, తిరగకుంటే ఫ్యూజు, రిలే, మోటారు చూడాలె. తిరుగుతున్నది కదా అని వదిలిపెట్టకండి. ముంగట గ్రిల్‌కు ఒక కాగితం పెట్టి చూడండి. కాగితం అతుక్కోవాలె. ఎగిరిపోతే మోటారు మార్చినప్పుడు వైర్లు ఉల్టా కలిపిండ్రు, ఫ్యాన్ గాలిని ముందుకు కొడ్తున్నది. ఇసొంటి బండి నిలబడి ఉన్నప్పుడు బాగనే అనిపిస్తది, ఎక్కేటప్పుడు ఎదురుగాలితోని కొట్లాడుతది.

బెల్టు: బొటనవేలుతోని నడుమ గట్టిగ ఒత్తితే 6 నుంచి 9 మిల్లీమీటర్లు దిగాలె. వాటర్ పంపు కింద చిన్న రంధ్రం నుంచి చుక్కలు పడ్తుంటే సీలు పోయింది. దానికి ఎంసీల్ పెట్టి మూసేయడం వైద్యం గాదు, పంపు మార్చాలె.

పాలమూరు800
చాన మంచిగ చెప్పిండ్రు అన్నా. మావోళ్లల్ల కొందరు ఏండ్ల కొద్ది బోరు నీళ్లే పోసిండ్రు. ఇప్పుడు నీళ్లు వదిలేసి కూలెంట్ పోస్తే సరిపోతదా?

నల్లగొండ_రేడియేటర్
సరిపోదు. సున్నం పొర మీద కూలెంట్ పోస్తే పొర అట్లనే ఉంటది, పైన డబ్బులు దండగ. రాగి-ఇత్తడి రేడియేటర్ అయితే బండి నుంచి తీయండి. ఐదు లీటర్ల వేడినీళ్లల్ల వంద గ్రాముల నిమ్మ ఉప్పు కలిపి, నింపి గంట ఉంచండి. తర్వాత కింది గొట్టం నుంచి పై గొట్టానికి, అంటే నీళ్లు నడిచే దారికి ఉల్టాగ, పైపు పెట్టి నీళ్లు తేటగ వచ్చేదాక కడగండి. ఇంకా మూసుకపోయి ఉంటే రేడియేటర్ దుకాణంల ట్యాంకు విప్పి రాడ్ వేస్తరు (ట్యూబులల్ల సన్న కడ్డీ దూర్చి గీకుతరు). అల్యూమినియం రేడియేటర్‌కు రాడ్ వేయనియ్యకండి, ట్యూబు పగులుతది. బాత్రూం యాసిడ్ మాత్రం ఏ రేడియేటర్ దగ్గరికీ రానియ్యకండి.

నింపేటప్పుడు బోరు నీళ్లు బంద్. బ్యాటరీకి పోసే డిస్టిల్డ్ వాటర్ క్యాన్లు తెచ్చుకోండి. కాన్సెంట్రేట్ కూలెంట్ అయితే సగం సగం. 'రెడీ మిక్స్' అని రాసి ఉంటే దాంట్ల చుక్క నీళ్లు గూడ కలపొద్దు. పచ్చది, ఎర్రది కలిపి పోయొద్దు.

గాలి తీయడం మరువకండి. బండి మూతి కొంచెం ఎత్తు మీదికి పెట్టి, హీటర్ ఉంటే వేడి దిక్కు తిప్పి, మూత తెరిచి స్లోలో నడపండి. పై పైపు వేడెక్కిందంటే థర్మోస్టాట్ తెరుచుకుందన్నట్టు. అప్పుడు నీళ్లు ఒక్కసారి దిగుతయి, నింపి మూత పెట్టండి.

కార్బ్_పాయింట్లు
నీళ్ల సంగతి అన్న పూర్తిగా చెప్పారు. ఆపిన తర్వాత స్టార్ట్ కాకపోవడం వేరే సమస్య, ఎక్కువసార్లు అది పెట్రోలు ఆవిరి. కార్బురేటర్ బండికి మెకానికల్ పెట్రోలు పంపు ఇంజిన్‌కే బిగించి ఉంటుంది. ఇంజిన్ ఆపగానే ఫ్యాన్ గాలీ, నీళ్ల ప్రవాహమూ ఆగుతాయి. ఆ వేడంతా పంపుకి, పైపులకి ఎక్కి లోపలి పెట్రోలు ఆవిరైపోతుంది. పంపు ద్రవాన్ని తోయగలదు కానీ ఆవిరిని తోయలేదు. ఇప్పటి పెట్రోల్‌లో 20 శాతం ఇథనాల్ ఉండటం పాత బండ్లకు అదనపు భారం. పాత రబ్బరు పైపులు ఉబ్బి మెత్తబడతాయి, పంపు డయాఫ్రం (లోపలి పలుచని పొర) గట్టిపడి చీలుతుంది. అందుకే డ్రైవ్‌కి ముందే ట్యాంకు నుంచి కార్బురేటర్ దాకా రబ్బరు హోస్ మొత్తం ఇథనాల్ తట్టుకునే రకం వేయించండి, క్లిప్పులు కూడా కొత్తవి. పైపు ఎగ్జాస్ట్ మానిఫోల్డ్‌కి (ఇంజిన్ నుంచి పొగ బయటికి పోయే వేడి గొట్టానికి) తగలకుండా దూరంగా కట్టండి.

దారిలో ఆగిపోతే బానెట్ ఎత్తి, తడి గుడ్డ పంపు మీద, పైపు మీద కప్పి ఆగండి. ఊరికే సెల్ఫ్ కొట్టి బ్యాటరీ దించుకోవద్దు. నీళ్లు ఇంజిన్ హెడ్ మీద పోయకండి, అల్యూమినియం హెడ్ పగలవచ్చు.

ఇంకొకటి, చాలామంది దీన్ని వదిలేస్తారు: టైమింగ్ (ప్లగ్ నిప్పురవ్వ వేసే సమయం) వెనక్కి జరిగి ఉంటే రేడియేటర్ కొత్తదైనా బండి కాగుతుంది. పెట్రోలు ఆలస్యంగా మండి, వేడి పిస్టన్‌ని తోయకుండా హెడ్‌లోకీ ఎగ్జాస్ట్‌లోకీ పోతుంది. పాయింట్ల (డిస్ట్రిబ్యూటర్‌లో కరెంటు తెంపి కలిపే కాంటాక్టుల) గ్యాప్ 0.4 నుంచి 0.5 మిల్లీమీటర్లు పెట్టాకే టైమింగ్ లైట్‌తో చూడాలి. గ్యాప్ మారితే టైమింగ్ కూడా మారుతుంది కాబట్టి ఈ వరుస తప్పొద్దు. చెవితో విని పెట్టే అలవాటు ఘాట్ బండికి పనికిరాదు. డిస్ట్రిబ్యూటర్ (ప్లగ్‌లకు కరెంటు పంచేది) వాక్యూమ్ పైపు నోటితో పీల్చి చూడండి, ప్లేటు కదలకపోతే డయాఫ్రం పోయినట్టే.

అచ్చంపేట_రోడ్డు
దారి గురించి. మహబూబ్‌నగర్ నుంచి బిజినేపల్లి, నాగర్‌కర్నూల్ మీదుగ అచ్చంపేట రండి. అక్కడ్నే ట్యాంక్ నింపుకోండి. హాజీపూర్ దాటినంక మన్ననూర్ దాకా మొదటి ఎక్కుడు. బండి బాగుందో లేదో అక్కడ్నే తెలుస్తది, మన్ననూర్‌ల ఆపి అందరి గేజులు చూడండి. తర్వాత అడవి, దోమలపెంట నుంచి డ్యాం దాకా దిగుడు. ఆ దిగుడుల రెండో గేర్‌లనే రావాలె. న్యూట్రల్‌ల వదిలి బ్రేకు మీద కాలు పెట్టి వస్తే ప్యాడ్లు కాగి బ్రేకు పట్టదు. బ్రేక్ ఆయిల్ రెండేండ్ల కన్నా పాతదైతే మార్పించండి. నీళ్లు పీల్చుకున్న ఆయిల్ అక్కడ్నే మరుగుతది, పెడల్ నేల దాకా పోతది. వచ్చేటప్పుడు ఇదే దిగుడు ఎక్కుడు అయితది. మధ్యాహ్నం రెండు, మూడు గంటలకు ఎక్కకండి, మబ్బులనే బయల్దేరేటట్టు చూసుకోండి. అమ్రాబాద్ అడవిల రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకా బండ్లు వదలరు, పోయేటప్పుడు గేటు తెరిచే వేళకు మన్ననూర్‌ల ఉంటే ఎండకు ముందే డ్యాం దాటొచ్చు. ఏసీ ఉన్న బండ్లు ఎక్కేటప్పుడు బంద్ చేయండి.

నల్లగొండ_రేడియేటర్
ఒక్కటి మిగిలింది. తనిఖీల ఏ బండిని తీస్కపోవద్దో అది గూడ తేల్చుకోవాలె. చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేసిన నిమిషంలనే పై పైపు గట్టిపడినా, మూత తీసి నడిపితే బుడగలు ఆగకుండ వచ్చినా, ఆయిల్ మూత కింద తెల్ల మీగడ లెక్క ఉన్నా హెడ్ గ్యాస్కెట్ (ఇంజిన్ బ్లాకుకు, హెడ్‌కు నడుమ ఉండే సీలు) మీద అనుమానం పెట్టుకోవాలె. మీగడ ఒక్కటే ఉంటే దగ్గర దగ్గర తిరిగే బండికి తేమతోని గూడ వస్తది, ఊకె హెడ్ విప్పకండి. బుడగలుంటే మాత్రం విప్పాల్సిందే. విప్పినప్పుడు హెడ్ మీద సాపు పట్టీ పెట్టి ఫీలర్ గేజ్ (సందు కొలిచే సన్న రేకు) దూర్చి చూడమనండి. 0.05 మిల్లీమీటర్ల కన్నా ఎక్కువ వంగి ఉంటే ఫేసింగ్ (హెడ్ అడుగును సాపు చేసుడు) చేయించకుండ కొత్త గ్యాస్కెట్ వేసినా నిలవదు. ఆ బండి ఓనర్‌ను వేరే బండిల కూసోబెట్టుకొని రండి.