విడిపోయిన ప్రాంతాన్ని కలుపుకోవడం అంటే నేలా, మనుషులా?

గౌతమి గట్టు, యానాం:
నిన్న రావులపాలెం నుంచి వస్తుంటే బస్సులో ఇద్దరు కుర్రాళ్లు కరాబాఖ్ గురించి వాదించుకుంటున్నారు. అజర్‌బైజాన్‌లో ఆర్మేనియన్లు విడిగా ఏలుకుంటూ వచ్చిన ప్రాంతం అది. 2023 సెప్టెంబరులో అజర్‌బైజాన్ సైన్యం ఒక్క రోజులో ముప్పయ్యేళ్ల గొడవ తీర్చేసిందని ఒకడంటాడు. తీరిందా? ఆ తర్వాత కొద్ది రోజుల్లోనే లక్షమందికి పైగా ఆర్మేనియన్లు ఇళ్లు వదిలి వెళ్లిపోయారు. నేల వచ్చింది, మనుషులు పోయారు. దాన్ని కలుపుకోవడం అని నేను అనలేను. మీరేమంటారు?

లంక రైతు, ముమ్మిడివరం:
మీ బాధ అర్థమైందండీ. కానీ ఆ నేల అజర్‌బైజాన్‌దేనని ప్రపంచం ఒప్పుకుంది కదా. 1990ల్లో అక్కడి నుంచి, చుట్టుపక్కల జిల్లాల నుంచి లక్షలమంది అజర్‌బైజానీలను ఆర్మేనియన్ దళాలు తరిమేశాయి. వాళ్లకి న్యాయం ఎప్పుడు? వరదకి లంక కోసుకుపోయినవాడితో మళ్లీ మేట వేసేదాకా ఆగమంటే ఎన్నాళ్లని ఆగుతాడు?

గౌతమి గట్టు:
వాళ్లు ఇళ్లకి చేరాల్సిందే, అందులో నాకు రెండో మాట లేదు. వాళ్లు రావాలంటే వీళ్లు పోవాలా అన్నదే నా ప్రశ్న.

క్రొయేషియాలో వుకోవార్ సంగతి చూడండి. 1991లో యుగోస్లావ్ సైన్యం, సెర్బు దళాలు 87 రోజులు ముట్టడిస్తే ఊరు నేలమట్టమై సెర్బుల చేతికి పోయింది. అయినా 1995 నవంబరులో ఎర్దూత్ దగ్గర క్రొయేషియాకీ అక్కడి సెర్బులకీ ఒప్పందం కుదిరింది. ఎన్నాళ్లు ఆగాలన్నారు కదా, అందులో గడువు రాసుకున్నారు: ఏడాది, అవసరమైతే ఇంకో ఏడాది. ఆలోగా ఐక్యరాజ్యసమితి క్రొయేషియా ప్రభుత్వం ఇచ్చిన డబ్బుతో జనం దగ్గరి తుపాకులు కొంది, సెర్బులనూ క్రొయేట్లనూ కలిపి పోలీసు దళం పెట్టింది, 1997లో ఎన్నికలు జరిపించింది. 1998 జనవరి 15న ఆ ప్రాంతాన్ని క్రొయేషియాకి అప్పగించింది.

మా ఇంట్లో ట్రంకు పెట్టె అడుగున తాతయ్య పుట్టిన కాగితం ఉంది, ఫ్రెంచిలో. మడతల దగ్గర చిరిగితే నాయనమ్మ అన్నం మెతుకులతో అతికించింది. 1954లో యానాం ఫ్రాన్సు చేతి నుంచి మన దేశానికి వచ్చింది. కావాలన్నవాళ్లు ఫ్రెంచి పౌరసత్వం ఉంచుకోవచ్చనీ, ఇక్కడి ప్రత్యేక పాలన మార్చాలంటే జనం ఇష్టం తెలుసుకోవాలనీ 1956 ఒప్పందంలో రాశారు. అది 1962లో అమల్లోకి వచ్చింది. కాకినాడ పక్కనే ఉన్నా ఇవాళ్టికీ మేం పుదుచ్చేరి కిందే ఉన్నాం.

కోరంగి మాస్టారు:
యానాంలో ముట్టడి లేదు, ఊళ్లు కాలలేదు. ఆ పోలిక వద్దు బాబూ. వుకోవార్‌లో మాత్రం ఏం కలిశారు? సెర్బులు చాలామంది వెళ్లిపోయారు. 2013లో సెర్బులు వాడే సిరిలిక్ లిపిలో బోర్డులు పెడితే సుత్తులతో పగలగొట్టారు. సెర్బు పిల్లలకి, క్రొయేట్ పిల్లలకి తరగతులు వేరువేరుగా నడిచాయి.

గౌతమి గట్టు:
యుద్ధం విషయంలో యానాంతో పోలిక లేదు మాస్టారూ, ఒప్పుకుంటున్నాను. తరగతులు వేరుగా నడపడం నాకూ కష్టంగానే ఉంది. కానీ ఆ బోర్డు చదివేవాళ్లు ఇంకా వుకోవార్‌లో ఉన్నారు కాబట్టే దాని మీద గొడవ వచ్చింది. కరాబాఖ్ ముఖ్యపట్టణం స్టెపానకెర్ట్‌లో ఇప్పుడు ఆర్మేనియన్ బోర్డు పెట్టినా చదవడానికి ఎవరున్నారు?