రెండు రజతాల స్కేటర్ బ్రయాన్ ఓర్సర్ మేటి కోచ్ ఎలా అయ్యాడు?

ప్రశ్న
విశాఖపట్నంలో రోలర్ స్కేటింగ్ నేర్చుకుంటున్న మా అమ్మాయితో కలిసి పాత ఒలింపిక్ పోటీలు చూస్తుండగా, కెనడాకు చెందిన ఫిగర్ స్కేటర్ (మంచు మీద దూకులు, నాట్యం చేసే క్రీడాకారుడు) బ్రయాన్ ఓర్సర్ పేరు పదేపదే వినిపించింది. 1984లోనూ 1988లోనూ రజతంతో సరిపెట్టుకున్న ఈయన, తనకు అందని స్వర్ణాన్ని శిష్యుల చేత ఎలా గెలిపించగలిగాడో తెలిసినవారు దయచేసి వివరించగలరు.

జవాబు 1
ముందు ఆయన ఓడిన తీరు చూడాలి. 1984లో సరయేవోలో షార్ట్ ప్రోగ్రాం (చిన్న ప్రదర్శన), ఫ్రీ స్కేట్ (పొడవైన ప్రదర్శన) రెండింటిలోనూ ఆయనదే మొదటి స్థానం. అయితే మంచు మీద నిర్ణీత వలయాలు గీసే కంపల్సరీ ఫిగర్స్‌లో ఏడో స్థానంలో ఉండిపోవడంతో స్వర్ణం అమెరికా స్కేటర్ స్కాట్ హామిల్టన్‌కు దక్కింది. 1988లో కెనడాలోనే జరిగిన కాల్గరీ ఒలింపిక్స్‌కు ప్రపంచ ఛాంపియన్‌గా వచ్చి, ప్రారంభోత్సవంలో సొంత దేశపు జెండా మోసిన ఓర్సర్, ఫ్రీ స్కేట్‌లో ఒక ట్రిపుల్ ఫ్లిప్ (గాలిలో మూడు చుట్లు తిరిగే దూకు) దిగేటప్పుడు తడబడ్డాడు. తొమ్మిది మంది న్యాయనిర్ణేతల్లో ఐదుగురు అమెరికాకు చెందిన బ్రయాన్ బోయిటానో వైపు మొగ్గారు. ఒక్క తడబాటు విలువ ఎంతో అంత దగ్గరగా చూసినవాడు శిష్యులకు దాన్ని చెప్పగలడని నా నమ్మకం.

జవాబు 2
ఓటమి ఒక్కటే కోచ్‌ను తయారు చేస్తుందంటే నేను ఒప్పుకోలేను. ఓర్సర్ స్కేటింగ్ నేర్పే టొరంటోలోని క్రికెట్ క్లబ్‌లో ఆయన పక్కన కోచ్‌గా ట్రేసీ విల్సన్ ఉన్నారు. కాల్గరీలోనే ఐస్ డాన్స్‌లో (మంచు మీద జంటగా చేసే నాట్యంలో) కాంస్యం గెలిచిన ఆమె, దూకుళ్ల కంటే ముందు మంచు మీద జారే నడకను, స్కేటు అంచుల వాడకాన్ని సరిదిద్దుతారు. పేరున్న స్కేటర్లు కూడా ఆ తరగతిలో అందరితో కలిసి రింకు చుట్టూ తిరగవలసిందే. ఆయన శిష్యులైన, 2018 ఒలింపిక్స్‌లో స్వర్ణం గెలిచిన జపాన్ స్కేటర్ యుజురు హన్యూ, కాంస్యం గెలిచిన స్పెయిన్ క్రీడాకారుడు హవియెర్ ఫెర్నాండెజ్ ఏళ్ల తరబడి ఒకే మంచు మీద సాధన చేసిన ప్రత్యర్థులే. ఇద్దరిలో ఎవరికీ తక్కువ చేశారనిపించకుండా నడిపించడమే నా దృష్టిలో ఓర్సర్ అసలు ఘనత.

జవాబు 3
2010లో వాంకోవర్ ఒలింపిక్స్‌లో ఓర్సర్ శిష్యురాలు, దక్షిణ కొరియాకు చెందిన యూనా కిమ్ మొత్తం 228.56 పాయింట్లతో స్వర్ణం గెలిచినప్పటి ఫ్రీ స్కేట్ మీ అమ్మాయికి తప్పక చూపించండి. రింకు గోడ పక్కన నిలబడ్డ ఓర్సర్ మీద కూడా ఒక కన్నేసి ఉంచమనండి.

ప్రశ్న వేసినవారు
అందరికీ కృతజ్ఞతలు. నిన్న రాత్రే చూశాము. ఆమె గాలిలోకి లేచిన ప్రతిసారీ ఆయన కూడా గోడ పట్టుకుని ఎగురుతుంటే, మా అమ్మాయి స్కేటర్‌ను వదిలేసి ఆయన కోసమే మళ్లీ మొదటి నుంచి పెట్టించుకుంది.